కందిపప్పుకు పేటెంట్ రాదు

క్షయ రోగి ఉన్న ఇంట్లో మిగతావాళ్లకు ఆ జబ్బు రాకుండా ఏం చేయాలి? గాలీ వెలుతురూ, మాస్కు, ముందుజాగ్రత్త మాత్రలు అనే జవాబులు చాలామందికి తెలిసినవే. ఆ ఇంటిల్లిపాదికీ ఆరు నెలలపాటు మంచి తిండి అందిస్తే ఏమవుతుందో తేల్చడానికి మాత్రం ఏ మందుల కంపెనీ డబ్బు పెట్టదు. బియ్యానికీ కందిపప్పుకీ పేటెంట్ రాదు. జవాబు దొరికినా దానితో చేసుకునే వ్యాపారం లేదు.

మన పన్నుల సొమ్ముతో నడిచే భారత వైద్య పరిశోధన మండలి, అదే ఐసీఎంఆర్, ఆ పని చేయించింది. జార్ఖండ్‌లోని రాంచీ, తూర్పు సింగ్‌భూమ్, పశ్చిమ సింగ్‌భూమ్, సరాయికేలా ఖర్సావాన్ జిల్లాల్లో 2019 ఆగస్టులో ‘రేషన్స్’ అనే అధ్యయనం మొదలైంది. దాన్ని నడిపించింది డాక్టర్ అనురాగ్ భార్గవ, డాక్టర్ మాధవీ భార్గవ. 2,800 మంది రోగులు, వాళ్ల ఇళ్లలోని 10,345 మంది కుటుంబసభ్యులు అందులో చేరారు. ఎక్కువమంది ఆదివాసీలు. రోగుల్లో పదికి ఎనిమిది మంది ఉండవలసిన బరువు కంటే తక్కువ ఉన్నారు.

రోగులందరికీ మందులతోపాటు నెలకు పది కిలోల సరుకులు ఇచ్చారు. బియ్యం, పప్పు, పాలపొడి, నూనె, పైన విటమిన్ మాత్రలు. సగం ప్రాంతాల్లో కుటుంబసభ్యులకు కూడా సరుకులు అందాయి. పెద్దవాళ్లకు నెలకు తలా ఐదు కిలోల బియ్యం, కిలోన్నర పప్పు. మిగతా సగం ప్రాంతాల్లో కుటుంబాలకు అదనంగా ఏమీ ఇవ్వలేదు. మధ్యలో కోవిడ్ వచ్చిపడింది. లాక్‌డౌన్‌లు వచ్చినా పని వదిలేయకుండా 2022 దాకా ఆ కుటుంబాలను గమనిస్తూనే ఉన్నారు.

ఫలితాలు 2023 ఆగస్టులో లాన్సెట్ పత్రికల్లో వచ్చాయి. సరుకులు అందిన కుటుంబాల్లో కొత్తగా క్షయ రావడం 39 శాతం తగ్గింది. ఊపిరితిత్తులకు వచ్చే, ఇతరులకు అంటుకునే రకం 48 శాతం తగ్గింది. మొదటి రెండు నెలల్లో ఐదు శాతం బరువు పెరిగిన రోగులకు చనిపోయే ముప్పు 61 శాతం తక్కువగా కనిపించింది. ముప్ఫై ఇళ్లకు సరుకులు అందిస్తే ఒకరు కొత్తగా జబ్బు పడకుండా ఆపవచ్చని లెక్క తేలింది.

మిగతా సగం ఇళ్లకు ఎందుకివ్వలేదని మనసున్నవాళ్లెవరైనా అడుగుతారు. పోల్చి చూడకపోతే తిండి వల్లే మేలు జరిగిందని రుజువు కాదు. రుజువు లేకపోతే ఖజానా కదలదు. పోలిక కోసం నిలబడిన ఆ కుటుంబాలు దేశం మొత్తానికి ఒక జవాబు ఇచ్చాయి. ఆ జవాబును అమలు చేయకుండా అల్మారాలో పెడితే వాళ్లకు మనం బాకీ పడినట్టే.

ఇలాంటి పరిశోధన మనకు కొత్త కాదు. 1956లో మద్రాసులో ఐసీఎంఆర్, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిష్ వైద్య పరిశోధన మండలి కలిసి క్షయ చికిత్సా కేంద్రం పెట్టాయి. శానిటోరియంలో, అంటే క్షయ రోగుల ఆస్పత్రిలో, మంచి తిండి, విశ్రాంతి, నర్సుల సేవ ఉంటేనే క్షయ నయమవుతుందని అప్పటి నమ్మకం. మంచం దొరకని పేదవాడి సంగతేమిటి? ఇరుకు ఇళ్లలో ఉంటూ మందులు మింగిన రోగులు కూడా శానిటోరియం రోగులకు దాదాపు సమానంగా కోలుకున్నారని 1959లో తేల్చారు. ఆ ఒక్క జవాబుతో ప్రపంచమంతటా క్షయ వైద్యం ఇంటికి వచ్చింది. అయితే అక్కడి నుంచి దృష్టంతా మందుల మీదకు పోయి, తిండి మాట వెనకబడింది. మద్రాసు జవాబు తప్పు కాదు. రోగి నయం కావడానికి శానిటోరియం తప్పనిసరా అన్న ప్రశ్నకు అది సరైన జవాబే. ఇంట్లో మిగిలినవాళ్లను తిండి కాపాడుతుందా అన్న ప్రశ్నకు గట్టి జవాబు రావడానికి మరో అరవై ఏళ్లు పట్టింది.

పేదల రోగాల మీద పరిశోధనకు బయటి దేశాల సొమ్మును నమ్ముకుంటే ఏమవుతుందో ఇటీవలే చూశాం. దక్షిణాఫ్రికా శాస్త్రవేత్తల నాయకత్వంలో హెచ్‌ఐవీ టీకా పరీక్షలకు సిద్ధమవుతున్న బృందానికి 2025 జనవరిలో పని ఆపమని అమెరికా నుంచి ఆదేశం వచ్చింది. ఏళ్ల తరబడి పేర్చుకున్న పని ఒక్క ఉత్తరంతో నిలిచిపోయింది. సాయం వస్తే తీసుకోవచ్చు. మన జబ్బుల గురించిన ప్రశ్నలు మాత్రం మన ఖజానా మీదే నిలబడాలి.

మరి మన ఖజానా ఎంత పెడుతోంది? 2025–26 కేంద్ర బడ్జెట్‌లో ఆరోగ్య శాఖకు దాదాపు లక్ష కోట్ల రూపాయలు కేటాయించారు. అందులో వైద్య పరిశోధన విభాగానికి దక్కింది సుమారు 3,900 కోట్లు. నూటికి నాలుగు రూపాయలు కూడా లేవు. ఆ నాలుగు రూపాయల్లోనే క్యాన్సర్, పాముకాటు, తల్లుల రక్తహీనత మీద పరిశోధనలన్నీ ఇమడాలి.

డబ్బు పెట్టి జవాబు తెచ్చుకున్నాక దాన్ని సగమే వాడుకోవడం ఇంకా పెద్ద నష్టం. రోగికి నెలకు ఇచ్చే 500 రూపాయల నిక్షయ్ పోషణ్ సాయాన్ని కేంద్రం 2024 నవంబరు నుంచి 1,000కి పెంచింది. మంచి పనే. ఇంట్లో మిగతావాళ్ల తిండిని మాత్రం నిక్షయ్ మిత్రలకు, అంటే దాతలకు వదిలిపెట్టింది. జార్ఖండ్ అధ్యయనం గట్టిగా రుజువు చేసింది కుటుంబానికి పెట్టే తిండి గురించే. దాత దొరికిన ఊళ్లో పప్పు ఉంటుంది, దొరకని గూడెంలో ఉండదు. దయ మీద వదిలేయడానికి ఇది పండగ పూట అన్నదానం కాదు, రోగ నివారణ.

మన తెలుగు నేల మీదా జవాబు కోసం చూస్తున్న ప్రశ్న ఉంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల మధ్య బతికే రైతులకూ కూలీలకూ కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇప్పటికీ తేలలేదు. డయాలసిస్ కేంద్రాలు వచ్చాయి. పలాసలో ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో మొదలయ్యాయి. పరిశోధన కేంద్రం అని బోర్డు కడితే చాలదు. ఆరోగ్యంగా ఉన్న యువకూలీల రక్తాన్ని, తాగే నీటిని, ఎండలో చేసే పనిని ఏళ్ల తరబడి, ప్రభుత్వాలు మారినా ఆగకుండా పరీక్షించాలి. జవాబు ఏదైనా దాచకుండా ప్రకటించాలి.

రెండు తెలుగు ప్రభుత్వాలకూ నా విన్నపం ఇదే. ఇంట్లో క్షయ రోగి ఉన్న ప్రతి పేద కుటుంబానికీ ఆరు నెలలపాటు నెలకు తలా కిలోన్నర పప్పు, అదనపు బియ్యం రేషన్ దుకాణంలోనే ఇవ్వండి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉద్దానం పరిశోధనకు కనీసం పదేళ్లపాటు ఎవరూ కోత పెట్టలేని నిధి కేటాయించాలి. ప్రజాప్రతినిధి మీ ఊరు వచ్చినప్పుడు రోడ్డు గురించి, పింఛను గురించి అడిగే నోటితోనే ఈ రెండింటి గురించీ అడగండి.