ఎడారిలో పిట్ సెక్రటరీలు

బొగ్గుబాయి కుటుంబాలకు పిట్ సెక్రటరీ అంటే ఎవరో విడమరిచి చెప్పనక్కర్లేదు. మస్టర్ పడకపోయినా, ఏరియా ఆస్పత్రిలో పని కాకపోయినా, సర్వీసు రికార్డులో భార్య పేరు తప్పు పడినా మొదట పరుగెత్తేది ఆయన దగ్గరికే. బాయి మీది ఈ యూనియన్ ప్రతినిధి కూడా అందరిలాగే షిఫ్టు చేసే మనిషే. బాయి ఎక్కి స్నానం చేశాక కాయితాల సంచి చంకన పెట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరుగుతాడు. గోదావరిఖని నుంచి, చుట్టుపక్కల ఊళ్ల నుంచి గల్ఫ్ పోయిన మన పిల్లల్లో కొందరు అక్కడ సరిగ్గా ఈ పనే చేస్తున్నారు. యూనియన్ అండ లేదు, జీతం లేదు. వారానికి దొరికే ఒక్క సెలవు రోజును తోటివాళ్లకు రాసిచ్చేశారు.

విదేశాల్లో స్వచ్ఛంద సేవ అనగానే భూకంపం వచ్చిన చోట గుడారాలు వేయడమో, ఆఫ్రికాలో బడి కట్టడమో మనసులో మెదులుతుంది. మనవాళ్ల సేవ లేబర్ క్యాంపుల్లో, టైపింగ్ సెంటర్లలో, మార్చురీ బయటి బెంచీల మీద జరుగుతుంది. దాని గురించి రాసేవాళ్లు తక్కువ.

వాళ్లు ఎందుకు వెళ్లారో గోదావరిఖనికి తెలుసు. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులుండేవాళ్లు. ఇప్పుడు నలభై వేల చుట్టూ ఉన్నారు. ఎరువుల కర్మాగారం 1999లో మూతపడింది. తండ్రి నౌకరీ కొడుక్కి వస్తుందన్న ధీమా పోయింది. కొడుకు దుబాయ్ విమానం ఎక్కాడు.

నాకు తెలిసిన ఏసీ మెకానిక్ ఒకడున్నాడు. యైటింక్లయిన్ కాలనీ కుర్రాడు, దుబాయ్ శివారు సోనాపూర్ క్యాంపులో ఉంటాడు. డ్యూటీ నుంచి వచ్చి బస్సు దిగేసరికి రాత్రి తొమ్మిది. ఉమ్మడి వంటగదిలో పొయ్యి కోసం వరుసలో నిలబడి అన్నం వండుకునే వేళకే ఫోన్ మొదలవుతుంది. ఒకడికి కంపెనీ మూడు నెలలుగా జీతమివ్వలేదు. ఇంకొకడు కంపెనీ వదిలి ఖల్లివెల్లి అయ్యాడు (అనుమతి లేకుండా ఉండిపోయాడు), ఇంటికి పోవడానికి ఎంబసీ ఇచ్చే ఔట్‌పాస్ కావాలి. ఊరినుంచి ఒక తల్లి ఏడుస్తూ చేస్తుంది: ‘బిడ్డా, మావోడు నాలుగొద్దులాయె ఫోన్ ఎత్తుతలేడు.’ వెతికితే చాలాసార్లు తేలేది చిన్న సంగతే. సిమ్ గడువు తీరి ఉంటుంది, లేదా ఫోన్ వేడి నూనెలో పడి ఉంటుంది. కానీ ఆ చిన్న సంగతి తేల్చడానికి రెండు బస్సులు మారి వేరే క్యాంపుకు వెళ్లాలి. గేటు దగ్గర వాచ్‌మన్ లోపలికి పంపడు. రూం నంబరు ఎవరికీ తెలియదు. అర్ధరాత్రి తిరిగొచ్చి, తెల్లవారుజామున నాలుగింటికి లేచి మళ్లీ డ్యూటీ బస్సు పట్టుకోవాలి.

ఇలా సాయం చేసేవాళ్లను ఎక్కువగా ఏడిపించేది పేర్లు. మన దిక్కు ఒకే మనిషిని ఇంట్లో రాజం అంటారు, రేషన్ కార్డులో రాజయ్య ఉంటుంది, పాస్‌పోర్టులో రాజేశం. భార్యను అందరూ లచ్చవ్వ అంటారు, ఆధార్‌లో లక్ష్మి. బతికున్నన్నాళ్లు ఎవరికీ దీంతో పనిపడలేదు. మనిషి పోయిన రోజున ఇదే కొండంత అడ్డమవుతుంది. పోలీసుల క్లియరెన్సు, మరణ ధ్రువపత్రం, కాన్సులేట్‌లో పాస్‌పోర్టు రద్దు, ఎంబామింగ్, కార్గో బుకింగు, వీటన్నిటిలో పేరు ఒకేలా ఉండాలి. శవాన్ని పంపడానికి కుటుంబం రాసిచ్చే అంగీకారపత్రంలోనూ అదే పేరుండాలి. ఆ పత్రం ఖని చౌరస్తాలో నోటరీ చేయించి వాట్సాప్‌లో పంపుతారు. ఫొటోలో సగం స్టాంపు తెగిపోతుంది. మళ్లీ తీయమంటే నోటరీ ఇంటికెళ్లిపోయి ఉంటాడు. సౌదీలో మధ్యాహ్నం రెండున్నర అయితే ఇక్కడ సాయంత్రం ఐదు. అక్కడి కౌంటర్ మూసే వేళా, ఇక్కడి నోటరీ లేచే వేళా దాదాపు ఒకటే. ఆ రోజు పోతుంది. మర్నాడు సెలవు. ఒక్క స్టాంపు ముక్క కోసం ఇంట్లో పొయ్యి వెలిగించకుండా కూర్చున్నవాళ్లు ఇంకో మూడు రోజులు కూర్చోవాలి. 2003 జూన్‌లో 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు ముంచుకొచ్చి 17 మంది పోయినప్పుడు బాయి మీద నిలబడి శవాల కోసం ఎదురుచూసిన ఊరు ఇది. ఆ ఎదురుచూపు ఎంత బరువో ఖనికి వేరేవాళ్లు చెప్పాల్సిన పని లేదు.

మంచి చేయబోయి మనవాళ్లే ఇరుక్కునే సందర్భాలూ ఉన్నాయి. యూఏఈలో అనుమతి లేకుండా విరాళాలు పోగుచేయడం నేరం. 2021లో వచ్చిన చట్టం భారీ జరిమానాలు పెట్టింది. మనకేమో ఎవరైనా పోతే చందా వేసి ఇంటికి పంపడం పుట్టుకతో వచ్చిన అలవాటు. బాయిలో మస్టర్ కాడ తువ్వాల పరిస్తే నిమిషాల్లో నిండేది. అక్కడ వాట్సాప్ గ్రూపులో ‘తలా యాభై దిర్హాములు వేద్దాం’ అని రాసినవాడు జవాబు చెప్పుకోవాల్సి రావచ్చు. ప్రమాదం జరిగిన చోట కుటుంబానికి చూపిద్దామని ఫొటో తీసినా అక్కడ కేసవుతుంది. ఈ సంగతులు విమానం ఎక్కేముందు మనవాళ్లకు చెప్పేవాళ్లు లేరు.

క్షమాభిక్ష రోజుల్లో ఈ సేవకుల హడావుడి ఇంకోలా ఉంటుంది. వీసా గడువు దాటి ఉండిపోయినవాళ్లకు యూఏఈ 2018లోనూ, మళ్లీ 2024 సెప్టెంబరు నుంచి నాలుగు నెలలూ గడువిచ్చింది. వీళ్లు ఓవర్‌టైం వదులుకుని కాన్సులేట్ దగ్గర ఫారాలు నింపారు. అంతా సిద్ధం చేసుకున్నాక, తీసుకుపోవాల్సిన మనిషి ఆ పొద్దున రూంలో ఉండడు. మేస్త్రీ పాత బాకీ ఇస్తానన్నాడని పనికి పోయి ఉంటాడు. కోప్పడాలనిపిస్తుంది. కానీ ఉత్త చేతులతో ఇంటికి ఎలా పోవాలన్నది వాడి గోస. ఆ గోస తెలిసినవాడు గనుకనే మన కుర్రాడు మర్నాడు మళ్లీ వెళ్తాడు.

నేను ఒక మాట గట్టిగా చెప్పదలచుకున్నాను. వీళ్ల మంచితనాన్ని పొగిడి ఊరుకోవడం అన్యాయం. గనిలో కార్మికుడు పోతే కంపెనీ కదలాలి, నామినీ ఎవరో రికార్డులో ఉండాలి, రెస్క్యూ స్టేషన్‌లో మనుషులు సిద్ధంగా ఉండాలి. ఇవన్నీ మన తండ్రులు కొట్లాడి సాధించినవి, చట్టంలో రాయించినవి. అదే ఇంటి కొడుకు గల్ఫ్‌లో పోతే ఆ వ్యవస్థ మొత్తం స్థానంలో ఒక ఏసీ మెకానిక్ సెలవు రోజు ఉంది. ఇది న్యాయం కాదు. ఎంబసీల్లో 2009 నుంచి ప్రవాసుల సంక్షేమ నిధి ఉంది, శవాన్ని పంపే ఖర్చు భరించలేని కుటుంబాలకు అందులోంచి ఇవ్వొచ్చు. విదేశాల్లోని భారతీయుల ఫిర్యాదుల కోసం 2015లో మదద్ పోర్టల్ వచ్చింది. మన రాష్ట్రం 2024లో గల్ఫ్ మృతుల కుటుంబాలకు ఐదు లక్షలు ఇస్తామని ఉత్తర్వు తెచ్చింది, ప్రవాసుల ఫిర్యాదులు వినే ప్రవాసీ ప్రజావాణి మొదలుపెట్టింది. మంచివే. అయితే కేరళ 1996లోనే ప్రవాసుల కోసం ప్రత్యేక శాఖ పెట్టుకుంది. మనం ఇంకా ఫోన్ నంబర్ల మీదే నడుస్తున్నాం. గల్ఫ్‌లోని ప్రతి భారత ఎంబసీలో తెలుగు మాట్లాడే సంక్షేమ సిబ్బంది ఉండాలి. ఈ సేవకులకు ఒక అధికార పత్రం, తిరుగుడు ఖర్చులు ఇవ్వాలి. అది దయ కాదు, వాళ్లు ఎంబసీ పనే చేస్తున్నారు గనుక.

ఇక ఇక్కడ మనం చేయాల్సింది. మన కార్మిక సంఘాల ఆఫీసులకు ఆదివారాలు మనుషులొస్తారు. ఆ రోజు ఒక బల్ల గల్ఫ్‌కు పోయేవాళ్ల కోసం వేయండి. పాస్‌పోర్టు, ఆధార్, రేషన్ కార్డు పక్కపక్కన పెట్టి పేర్లు కలుస్తున్నాయో లేదో చూడండి, కలవకపోతే పోకముందే సరిచేయించండి. విజిట్ వీసా మీద పంపుతానన్న ఏజెంటును నమ్మొద్దని చెప్పండి. ఎమిగ్రేషన్ క్లియరెన్సుతో పోయేవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంటుంది. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375. పది లక్షల ప్రమాద బీమా. ఆ పాలసీ కాపీ సూట్‌కేసులో కాదు, భార్య చేతిలో ఉండాలి. కంపెనీ పేరు, క్యాంపు, రూం నంబరు, పక్క మంచం మనిషి ఫోన్ నంబరు ఒక కాయితం మీద రాయించి ఇంటి గోడకు అతికించండి. మన ఏరియాలో కాయితాలు చూడగలిగిన రిటైర్డ్ పిట్ సెక్రటరీలకు కొదవలేదు. వాళ్లను పిలవండి, వచ్చే ఆదివారమే మొదలుపెట్టండి.