అతిథి మర్యాదకు గడువు గలదు

అతిథిని దేవునితో సమానముగ నెంచుట మన ధర్మము. చుట్టమై వచ్చి దయ్యమై పట్టుకొన్నాడను సామెతయు మనదే. మర్యాదకు గడువు గలదని పెద్దలెరుగుదురు. తరతరములుగ పరభాషా ప్రాంతమున నిలిచిన మనబోటివారు ఆ గడువును మరింత బాగుగ నెరుగవలెను.

ప్రాచీన గ్రీకులు అతిథికి అభయమొసగుట దైవకార్యమని తలచిరి. వారి దేవరాజగు జ్యూస్‌కే అతిథిరక్షకుడని బిరుదు. కాని వచ్చినవాడు స్థిరపడెనా, లెక్క మారెడిది. ఏథెన్సులో నివసించు పరదేశి ఏటేట 12 ద్రాక్మాల పన్ను చెల్లింపవలెను, పౌరుడొకడు పూచీ యుండవలెను, యుద్ధమునకు పోవలెను, ప్రత్యేకానుమతి లేనిదే భూమి కొనరాదు. పెరిక్లీసు ఆహ్వానముపై సిరక్యూజునుండి వచ్చిన కెఫాలసు కుటుంబమువారు అచట డాళ్ల కార్ఖానా నడిపిరి. క్రీ.పూ. 404లో ముప్పదిమంది నియంతలు వారి సొత్తు దోచి, కుమారుడగు పొలెమార్కసును చంపించిరి. అతని తమ్ముడు లిసియాసు తప్పించుకొని, ప్రజాప్రభుత్వమును తిరిగి నిలుపుటకై ధనమును డాళ్లను సమకూర్చెను. ఆ ప్రభుత్వము వచ్చిన పిదప అతనికొసగిన పౌరసత్వము సయితము చట్టపు లోపము పేరిట రద్దయ్యెను.

ఇది దూరదేశపు కథయని త్రోసివేయరాదు. వేలూరున పాలారు ఒడ్డున నున్న ముత్తుమండపమును మనవారెరుగుదురు. అది కాండీ కడపటి రాజగు శ్రీవిక్రమ రాజసింహుని సమాధి. 1739లో సింహళ రాజునకు తగిన వారసుడు లేక, మధురనుండి వచ్చిన రాణి సోదరుని సింహాసన మెక్కించిరి. తెలుగు మూలము గల ఆ నాయక వంశమువారు నలుగురు 76 ఏండ్లు ఏలిరి. శైవులై పుట్టియు బౌద్ధమును పోషించిరి. కీర్తిశ్రీ రాజసింహుని కాలమున, 1753లో, సయామునుండి భిక్షువులను రప్పించి సంఘమును పునరుద్ధరించిరి. అయినను 1815 మార్చి 2న సింహళ ప్రధానులు ఆంగ్లేయులతో చేసికొన్న ఒడంబడిక ఆ వంశపు రాజ్యహక్కును తుడిచివేసి, రాజబంధువులగు పురుషులు ఆ దేశమున అడుగిడరాదనెను. రాజు క్రూరుడను ఆరోపణ నిరాధారము గాదు. తప్పు ఒక్కనిది, వెలి వంశమునకెల్ల. పరదేశికి పడు శిక్ష ఇట్టిది. వేలూరు కోటలో బందీయై ఆ రాజు 1832లో మరణించెను.

గుడియాత్తమున వేరొక పాఠము గలదు. 1954లో అచటి వోటర్లు విరుదునగరు వాసియగు కామరాజును శాసనసభకు పంపిరి. ఆయన ఆతిథ్యమును కోరలేదు. పౌరుడుగా నిలిచి వోటు నడిగెను.

వర్తకులమగుటచే మేము లెక్కగనే చెప్పుదుము. మర్యాద అరువు సొమ్ము. ఇచ్చినవాడు ఎప్పుడైనను తిరిగి అడుగవచ్చును. హక్కు సొంత ఆస్తి. మనము ఇచట పన్ను కట్టుచున్నాము, వోటు వేయుచున్నాము, అతిథులము గాము. రాజ్యాంగపు 30వ అధికరణము విద్యాలయములు నడుపు హక్కును మనకొసగినది. 1956లో చేర్చిన 350-ఎ అధికరణము ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతులు కల్పింప ప్రయత్నించుట రాష్ట్రముల విధి యనుచున్నది.

అయితే వసూలు చేయని పద్దు వలన ఫలమేమి? తెలుగు తరగతిలో కూర్చుండు పిల్లలు లేనిచో ఏ అధికరణమును ఆ తరగతిని నిలుపజాలదు. సోదరులారా, తమిళమును శ్రద్ధగ నేర్చుట పొరుగువారికి మనము తీర్చవలసిన ఋణము. తెలుగు వ్రాత నేర్పుట మన పిల్లలకు తీర్చవలసిన ఋణము. ముందు బడిలో పేర్లు వ్రాయించుడు. ఆ పేర్ల పట్టికతో అధికారుల నడుగుదము.