గీజరుకు వారంటీ, గట్టినీళ్లకు మినహాయింపు

కార్తీకం దాటింది. హిందూపురంలో పొద్దున్నే చన్నీళ్లు పోసుకునే ధైర్యం చాలామందికి సన్నగిల్లింది. ఎలక్ట్రానిక్స్ షాపుల ముందు గీజర్ల అట్టపెట్టెలు గుట్టలుగా లేచాయి. పెనుకొండలో కియా ఫ్యాక్టరీ వచ్చాక పెరిగిన అద్దె ఇళ్లకూ, ధర్మవరంలో కొత్తగా కడుతున్న అపార్ట్‌మెంట్లకూ ఇదే సీజను. బేరం కుదిరి, జేబులో చెయ్యి పెట్టే సమయానికి కౌంటరు దగ్గరి కుర్రాడు ఆ మాట అంటాడు: "ఇంకో పన్నెండు వందలు వేసుకుంటే రెండేళ్లు ఎక్స్‌టెండెడ్ వారంటీ వస్తుంది సార్, టెన్షన్ ఉండదు." ఈ టెన్షన్ లేకపోవడమనే సరుకు మీదే నా గొడవ. మన మూడు ఊళ్లలో గీజరుకు అదనపు వారంటీ కొనడం చాలావరకు దండగ. ఇక్కడ గీజర్లను పాడుచేసేది నీళ్లు. ఆ కాగితం సాధారణంగా పూచీ పడనిది సరిగ్గా ఆ నీళ్లకే.

గీజరు ఎలా పోతుందో ఏ మెకానిక్‌ను అడిగినా చెబుతాడు. ప్లేటు బోల్టులు విప్పి ఎలిమెంట్ బయటికి లాగితే గొట్టం కనిపించదు, దాన్ని మూసేసిన తెల్లటి సున్నపు పెచ్చు కనిపిస్తుంది. ట్యాంకు అడుగు నుంచి గుప్పెళ్లకొద్దీ రవ్వ రాలుతుంది. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే ఈ రాతినేలలో బోర్లు వందల అడుగులు దిగిపోయాయి. అంత లోతు నుంచి వచ్చే నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు బాగా కరిగి ఉంటాయి. గట్టినీళ్లంటే ఇవే. నీళ్లు కాగినప్పుడు కాల్షియం బైకార్బొనేటు కాస్తా కార్బొనేటుగా మారి, ఎక్కడ వేడి ఎక్కువో అక్కడే పేరుకుంటుంది. పెచ్చు మందమయ్యేకొద్దీ వేడి నీళ్లలోకి పోదు. గీజరు పటపటమంటుంది, నీళ్లు ఆలస్యంగా కాగుతాయి, చివరికి ఎలిమెంట్ లోలోపలే కాలిపోతుంది. ట్యాంకుకు తుప్పు పట్టకుండా తాను కరిగిపోయేందుకు పెట్టిన మెగ్నీషియం కడ్డీ కూడా ఇలాంటి నీళ్లలో తొందరగా అరిగిపోతుంది. ఆ తర్వాత వంతు ట్యాంకుదే. ధర్మవరంలో పట్టునూలును సబ్బుతో ఉడకబెట్టి జిగురు తీసేవాళ్లకు ఈ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. గట్టినీళ్లలో సబ్బు నురగకు బదులు తెట్టు కడుతుందని వాళ్లకు తెలుసు.

ఇప్పుడు షరతుల కాగితం తిప్పి చూడండి. వెనకవైపు చిన్న అక్షరాల్లో, ఏవి వర్తించవో చెప్పే జాబితా ఉంటుంది. పెచ్చు కట్టడం, తుప్పు, ఉప్పునీళ్లు, కంపెనీ చెప్పిన హద్దు దాటిన కాఠిన్యం, వోల్టేజీ హెచ్చుతగ్గులు, పురుగులు, ఎలుకలు అన్నీ సాధారణంగా అక్కడే కనిపిస్తాయి. తాగునీటికి మన భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపుండాలి. వేరే దిక్కు లేకపోతే 600 దాకా సరిపెట్టుకోవచ్చు. అంటే మనిషి తాగడానికి సరేనన్న నీళ్లే గీజరు వారంటీకి పనికిరాకపోవచ్చు! సర్వీసు మనిషి వచ్చి, పెచ్చు చూసి, "హార్డ్ వాటర్" అని రాసి, వచ్చినందుకు విజిటింగ్ చార్జీ తీసుకుని వెళ్లిపోతే కాగితం ప్రకారం అతని తప్పేమీ లేదు. తప్పు ఆ మాట కొనేటప్పుడు చెప్పని కౌంటరుది.

సరే, ఆ మినహాయింపులు లేవనే అనుకుందాం. లెక్క అప్పుడూ కుదరదు. చాలా కంపెనీలు మొత్తం గీజరుకు రెండేళ్లు, ఎలిమెంట్‌కు అంతకంటే కొంచెం ఎక్కువ, ట్యాంకుకు ఐదేళ్లు లేదా అంతకు మించి ఎలాగూ హామీ ఇస్తాయి. కాబట్టి అదనపు రెండేళ్లలో ఖరీదైన ట్యాంకుకు కంపెనీ పూచీ ముందే ఉంది. మనం కొత్తగా కొనేది థర్మోస్టాట్, వేడి మితిమీరితే కరెంటు ఆపే కటౌటు, వైరు, మహా అయితే ఎలిమెంట్. ఇవన్నీ వందల్లో పోయేవే. కూలితో కలిపి రిపేరు తొమ్మిది వందలు అవుతుందనుకోండి, ఆ రెండేళ్లలో ప్రతి మూడు గీజర్లలో ఒకటి పాడవుతుందనుకోండి. అప్పుడు ఆ పూచీ విలువ మూడు వందలు. దానికి పన్నెండు వందలు అడుగుతున్నారు. పైగా తయారీ లోపం ఉన్న వస్తువు సాధారణంగా మొదట్లోనే బయటపడుతుంది, అప్పుడు కంపెనీ వారంటీ ఉంటుంది. అరిగిపోయే వస్తువు చివర్లో పోతుంది, అప్పటికి అదనపు వారంటీ కూడా అయిపోతుంది. అమ్మేవాడు మధ్యలో ఉన్న మంచి వయసును ఎంచుకున్నాడు.

ఇది మన షాపువాళ్లకే పుట్టిన తెలివి కాదు. బ్రిటన్‌లో పోటీ వ్యవహారాల కమిషన్ 2003లోనే ఈ అదనపు వారంటీల వ్యాపారాన్ని పరిశీలించి, అందులో సరైన పోటీ లేదని తేల్చింది. 2005లో ఉత్తర్వు వచ్చింది. వస్తువు ధర పక్కనే వారంటీ ధర కూడా కనిపించాలి. కొన్నాక 45 రోజుల్లోపు వద్దంటే డబ్బు మొత్తం తిరిగివ్వాలి. మన షాపుల్లో వారంటీ ధర బిల్లు కొట్టే దాకా బయటికి రాదు. ఇంటికెళ్లి ఆలోచించుకుని మర్నాడు వద్దంటే ఏమవుతుందో చెప్పే బోర్డు ఏ గోడ మీదా ఉండదు.

దీనికి వచ్చే మొదటి ఎదురుమాట మనశ్శాంతి. చలిదేశాల్లో ఆ మాటకు బరువుంది. అక్కడ జనవరిలో ఇంటిని వెచ్చబెట్టే బాయిలర్ ఆగితే పసిపిల్లలకూ ముసలివాళ్లకూ ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ఏటా సర్వీసు కూడా కలిసిన ఒప్పందం తీసుకునేవాళ్లను తప్పు పట్టలేం. హిందూపురంలో గీజరు ఆగితే రెండు రోజులు గ్యాసు మీద నీళ్లు కాచుకుంటాం. రెండోది, పిల్లలు బెంగళూరులోనో అమెరికాలోనో ఉండి, ఇంట్లో పెద్దవాళ్లే మిగిలిన కుటుంబాల సంగతి. వాళ్లకు కావాల్సింది ఏడాదికోసారి వచ్చి ట్యాంకు కడిగి, కడ్డీ చూసి వెళ్లే మనిషి. ఆ పని వార్షిక సర్వీసు ఒప్పందంలో ఉంటే తప్పక తీసుకోవచ్చు. వారంటీ కాగితం మాత్రం పాడయ్యాకే నోరు తెరుస్తుంది. మూడోది, ఏసీ, పెద్ద టీవీ, కారు. వీటిలో ఒక్క భాగం పోయినా వేలల్లో దెబ్బ. అమ్మేది తయారీ కంపెనీయే అయి, షరతులు స్పష్టంగా ఉంటే ఆలోచించవచ్చు. అప్పుడు కూడా ఏసీ బోర్డులో బల్లి దూరి కాలిపోతే కవర్ అవుతుందా అని ముందే అడగండి. మన ఇళ్లలో అది అరుదేమీ కాదు.

అసలు చట్టం ఇచ్చిన రక్షణను పక్కన పెట్టి షాపు ఇచ్చే రక్షణ కొనుక్కోవడం నాకు మింగుడు పడదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపమున్న వస్తువుపై ఫిర్యాదు చేయడానికి అదనపు వారంటీ అక్కర్లేదు. కారణం పుట్టిన నాటి నుంచి రెండేళ్లలోపు జిల్లా కమిషన్‌కు వెళ్లవచ్చు. చెల్లించిన సొమ్ము ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు. వస్తువు బెంగళూరులో కొన్నా, మీరు నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు. ముందుగా 1915కు ఫోను చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ పలుకుతుంది. ఇవన్నీ బిల్లు ఉన్నవాడికే పనికొస్తాయి. వారంటీకి పన్నెండు వందలు ఇచ్చి, జీఎస్టీ మిగులుతుందని గీజరును బిల్లు లేకుండా తెచ్చుకునే మహానుభావులకు ఏ చట్టమూ చాలదు.

ఆ డబ్బుతో చేయదగ్గ పని వేరే ఉంది. థర్మోస్టాట్‌ను 50, 55 డిగ్రీల దగ్గర ఉంచండి. వేడి 60 దాటేకొద్దీ పెచ్చు కట్టడం ఊపందుకుంటుంది. చలికాలం ముందు మన వీధి మెకానిక్ చేత ఎలిమెంట్ విప్పించి కడిగించండి, కడ్డీ సన్నబడితే మార్పించండి. కంపెనీ వారంటీ నడుస్తుంటే ఈ పని కంపెనీ మనిషితోనే చేయించాలి, బయటివాళ్లు విప్పితే వారంటీ పోతుందని బెదిరిస్తారు కనుక. ఈ బెదిరింపు మీద నాకు పాత కోపం. 2022 డిసెంబరులో కేంద్రం రిపేరు హక్కు పేరుతో పోర్టల్ పెట్టింది, గృహోపకరణాలను కూడా చేర్చింది. అయినా ధర్మవరంలో ఇరవై రకాల గీజర్లు విప్పి బిగించే మనిషికి కంపెనీ అసలు పార్టు ఇవ్వదు, తన గుర్తింపు కాగితం చేతబట్టుకుని వచ్చే కొత్త కుర్రాడికి ఇస్తుంది.

ఇక నీళ్ల దగ్గరికే రావాలి. హంద్రీ నీవా కాలువ గొల్లపల్లి రిజర్వాయరు దాకా వచ్చింది, అక్కడి నుంచి పైపుల్లో కృష్ణా నీళ్లు హిందూపురానికి చేరాయి. అయినా కుళాయి రాని రోజున అందరం బోరు మోటారే వేస్తాం. ఆ బోరు నీళ్ల కాఠిన్యం ఎంతో ఏ వార్డులోనైనా ఎవరికైనా తెలుసా? జల్ జీవన్ మిషన్ కింద పల్లెలకు ఇచ్చిన పరీక్ష కిట్లలో కాఠిన్యం చూసే వీలుంది. పట్టణాల్లో పన్ను రసీదు మీద పాత బాకీ పైసలతో సహా అచ్చవుతుంది, నీళ్ల లెక్క ఒక్కటే ఉండదు. వార్డువారీగా బోరు నీళ్ల కాఠిన్యం ఏడాదికి రెండుసార్లు పరీక్షించి మున్సిపల్ ఆఫీసు గోడ మీద అంటించడానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న. కొత్త జిల్లాలో ఈ చిన్న పని చేసిన మొదటి పట్టణం మన మూడింటిలో ఏదో ఒకటి కావాలి. ఆ అంకె చేతిలో ఉంటే ఏ గీజరు కొనాలో, దాన్ని ఎన్నాళ్లకోసారి కడిగించాలో జనమే తేల్చుకుంటారు. అప్పటిదాకా కౌంటరు దగ్గర ఒక్కటే అడగండి: "బోరు నీళ్లకు కూడా వర్తిస్తుందని బిల్లు మీద రాసి సీలు వేస్తారా?" వేస్తే పన్నెండు వందలు ఇవ్వండి. నీళ్లు నమిలితే జేబులోంచి చెయ్యి తీయకండి.