నిషేధంలో ఒక ఇంటిపేరు

స్కాట్లాండ్ గేలిక్‌లో ‘మాక్’ అంటే కొడుకు. మాక్‌గ్రెగర్ అంటే గ్రెగర్ కొడుకు. ఆడపిల్లకైతే ‘నిక్’ అంటారు, కూతురని. గ్రెగర్ అన్నది గ్రీకు మూలమున్న పేరు, క్రైస్తవంతో పాటు ఆ కొండల్లోకి వచ్చింది. మెలకువగా ఉండేవాడని అర్థం. ఇంత సాదా ఇంటిపేరు పెట్టుకుంటే ప్రాణం తీస్తామని ఒక రాజ్యం శాసించిందంటే నమ్మబుద్ధి కాదు.

గొడవంతా భూమి దగ్గర మొదలైంది. గ్లెన్ ఆర్కీ, గ్లెన్ స్ట్రే లోయల్లో తరతరాలుగా బతికినవారు మాక్‌గ్రెగర్లు. పట్టాలు మాత్రం క్యాంప్‌బెల్ వంశం చేతికి వెళ్లాయి. నేల ఒకరి కాళ్ల కింద, కాగితం మరొకరి పెట్టెలో. నిలువ నీడ పోయినవారు పశువులను తోలుకుపోయారు, ఊళ్ల మీద పడ్డారు. 1603 ఫిబ్రవరిలో గ్లెన్ ఫ్రూయిన్ దగ్గర కహూన్ వంశీయులను పెద్ద సంఖ్యలో చంపారు. ఆ నెత్తుటిని ఎవరూ సమర్థించలేరు. అయితే ఏప్రిల్‌లో ఆరవ జేమ్స్ ప్రభుత్వం వేసిన శిక్ష హంతకులతో ఆగలేదు, ఇంకా పుట్టని బిడ్డల మీద కూడా పడింది. అన్యాయమంతా అక్కడే ఉంది. ఆ పేరు ఉంచుకుంటే మరణమే. నలుగురికి మించి ఒకచోట చేరకూడదని తర్వాత మరో ఆంక్ష. ఆయుధమన్నది ఉండకూడదు, మాంసం కోసుకోవడానికి మొన తీసేసిన కత్తి ఒక్కటి ఉంచుకోవచ్చు. కంచం ముందు కూర్చున్న ప్రతిసారీ ఆ మొండికత్తే శిక్షను గుర్తుచేసి ఉంటుంది.

ప్రాణం దక్కించుకోవడానికి వేరే ఇంటిపేర్లు పెట్టుకున్నారు. ఒకరు గ్రాంట్ అయ్యారు, ఒకరు డ్రమండ్, ఇంకొకరు మర్రే. ఈ వంశంలోనే పేరుమోసిన రాబ్ రాయ్ తన తల్లి ఇంటిపేరు పెట్టుకుని క్యాంప్‌బెల్‌గా తిరిగాడు. 1661లో నిషేధం ఎత్తేశారు, 1693లో మళ్లీ పెట్టారు, చివరికి 1774లో రద్దయింది. ఇన్ని తరాలు పేరు ఎలా నిలిచింది? ఆ కొండల్లో మనిషిని గుర్తుపట్టేది తండ్రి, తాత, ముత్తాతల వరసతో. దస్తావేజులో ఏం రాసినా, ఫలానావాడు ఎవరి మనవడో ఊరికి తెలుసు. తెలిసీ ఆ ఊరు దాచిపెట్టిందన్నదే నాకు అన్నిటికన్నా గొప్పగా తోస్తుంది.

నిషేధం పోయాక 826 మంది సంతకాలు చేసి తమ వంశపెద్దను ఎన్నుకున్నారు. ఆయన పేరు జాన్ మర్రే. మాక్‌గ్రెగర్ అన్న ఇంటిపేరును ఆయన కొడుకు 1822లో రాజానుమతితో తిరిగి తీసుకున్నాడు.