పచ్చికాయ కొరికి పులుపంటే ఎలా?

పద్దెనిమిదేళ్ళ కుర్రాణ్ణి చూసి ఒకరు "వీడు పనికిరాడు" అంటారు, ఇంకొకరు "రాసిపెట్టుకోండి, రేపటి మొనగాడు వీడే" అంటారు. ఈ రెండు తీర్పులు విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. ఒకళ్ళనొకళ్ళు మూర్ఖులనుకునే ఈ రెండు వర్గాలూ చేసే తప్పు మాత్రం ఒక్కటే. ఆ తప్పేమిటో చెప్పడానికే ఈ గోలంతా.

హాకీ అనగానే ధ్యాన్‌చంద్ గుర్తొచ్చేవాళ్ళకి ముందుగా ఓ మాట. నేను మాట్లాడేది మంచు మీద ఆడే హాకీ గురించి. ఉద్యోగం పుణ్యమా అని మాంట్రియల్‌లో కాపురం కాబట్టి, ఇష్టమున్నా లేకపోయినా ఈ ఆట చెవిన పడుతూనే ఉంటుంది. ఎన్‌హెచ్‌ఎల్ అనే లీగులో ఇప్పుడు 32 జట్లున్నాయి. ఏటా 7 రౌండ్ల డ్రాఫ్టు జరుగుతుంది. అది మన ఐపీఎల్‌లాగా వేలంపాట కాదు. జట్లు వరసలో ఒక్కో కుర్రాడి పేరు చెప్పి హక్కు తీసుకుంటాయి. కిందటేడు చిత్తుగా ఓడినవాళ్ళకి ముందు వరసలో చోటుంటుంది, అందులో కాస్త లాటరీ కూడా కలుస్తుంది. ఎంపికయ్యే పిల్లల్లో చాలామందికి నిండా 18 ఏళ్ళే.

వీళ్ళలో కొందరిని 'రా' అంటారు. ఒడ్డూ పొడుగూ ఉంటుంది, వేగం ఉంటుంది, అప్పుడప్పుడూ నోరెళ్ళబెట్టే ఆట ఆడతారు, కానీ నిలకడ ఉండదు. మన మాటలో చెప్పాలంటే పచ్చికాయ. పచ్చికాయ అని మనమే అంటాం, కొరికి పులుపని మనమే తిడతాం!

అసలు కథకొద్దాం. 2021-22 సీజన్లో మాంట్రియల్ కెనేడియన్స్ లీగులో అందరికంటే అడుగున నిలిచింది. దాంతో 2022 జులైలో సొంత ఊళ్ళో, బెల్ సెంటర్‌లో జరిగిన డ్రాఫ్టులో మొదటి ఎంపిక వాళ్ళదే అయింది. అందరి నోటా ఉన్న పేరు షేన్ రైట్. 15 ఏళ్ళకే ప్రత్యేక అనుమతితో ఒంటారియో జూనియర్ లీగులో అడుగుపెట్టినవాడు. డ్రాఫ్టు ముందు ఏడాది 63 ఆటల్లో 94 పాయింట్లు కొట్టాడు (గోల్ వేసినా, గోల్ వేయించినా పాయింటే). తీరా చూస్తే మాంట్రియల్ పిలిచింది యురాయ్ స్లాఫ్‌కోవ్‌స్కీ అనే స్లొవేకియా కుర్రాణ్ణి. రైట్ నాలుగో ఎంపికగా సియాటిల్‌కి వెళ్ళాడు.

ఇంకేముంది, ఊరు రెండుగా చీలింది. "ఫిన్లండ్ లీగులో 31 ఆటల్లో 10 పాయింట్లు కొట్టినవాడికి ప్రథమ తాంబూలమా?" అని ఒక వర్గం. "17 ఏళ్ళకే బీజింగ్ ఒలింపిక్స్‌లో 7 గోల్స్ వేసి, స్లొవేకియాకి కంచు పతకం తెచ్చి, అత్యుత్తమ ఆటగాడిగా నిలిచాడు, కనపడట్లేదా?" అని ఇంకో వర్గం. ఇద్దరూ చెప్పిన అంకెలు నిజమే. కానీ ఆ ఒలింపిక్ టోర్నమెంటుకి ఎన్‌హెచ్‌ఎల్ ఆటగాళ్ళెవరూ రాలేదు. ఇటు ఫిన్లండ్‌లో వాడు ఆడింది పెద్దవాళ్ళ మధ్య, తక్కువసేపు. రెండు అంకెలకీ చెరో తోక ఉంది. ఎవరికి వాళ్ళు తమ అంకె తోకని మాత్రం తెలివిగా కత్తిరించేశారు.

మొదటి సీజన్లో కుర్రాడు 39 ఆటలాడి 10 పాయింట్లు చేశాడు, ఆపైన గాయంతో ఇంటికి. "చెప్పామా? వేస్టు సరుకు!" అని పండగ చేసుకున్నారు. 19 ఏళ్ళు నిండకుండానే శ్రాద్ధం పెట్టేశారన్నమాట. 2023-24లో అదే కుర్రాడు 82 ఆటల్లో 20 గోల్స్‌తో 50 పాయింట్లు చేశాడు. 2024 జులైలో జట్టు 8 ఏళ్ళకి 6 కోట్ల 8 లక్షల డాలర్ల ఒప్పందం రాసిచ్చింది. శ్రాద్ధం పెట్టిన మహానుభావులు నోరెత్తలేదు. కొందరైతే "మేము మొదట్నించీ అంటూనే ఉన్నాంగా" అనేశారు!

అంటే ఆశావాదులే గెలిచారని తీర్పిస్తున్నానా? ఆగండి, వాళ్ళ సంగతీ చెబుతా.

పొడుగాటి పచ్చికాయ ఎవడు కనపడినా వీళ్ళు తీసే పేరు ఒకటే: జ్‌డెనో చారా. నిజమే, గొప్ప కథ. ఆరడుగుల తొమ్మిదంగుళాల మనిషి. 1996లో 56వ ఎంపిక. మొదటి జట్టు ఐలండర్స్‌కి 231 ఆటలాడి వేసింది 6 గోల్స్. 2001లో వాళ్ళు అతన్ని ఒటావాకి వదిలించుకున్నారు. తర్వాత 2009లో లీగులోకెల్లా మేటి డిఫెన్స్‌మన్‌గా నారిస్ ట్రోఫీ, 2011లో బోస్టన్ కెప్టెన్‌గా స్టాన్లీ కప్పు, 2025లో హాల్ ఆఫ్ ఫేమ్.

బానే ఉంది. మరి హ్యూ జెసిమన్ పేరు ఎందుకెత్తరు? 2003లో న్యూయార్క్ రేంజర్స్ 12వ ఎంపికగా తీసుకున్న ఆరడుగుల ఆరంగుళాల కుర్రాడు. ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడింది మొత్తం 2 ఆటలు, అదీ వేరే జట్టుకి. అతని తర్వాత అదే రౌండులో వెళ్ళినవాళ్ళలో డస్టిన్ బ్రౌన్, బ్రెంట్ సీబ్రూక్, జాక్ పరీసే, రయన్ గెట్జ్‌లాఫ్, కోరీ పెరీ ఉన్నారు. గెలిచిన లాటరీ టిక్కెట్టు ఒక్కటే గోడకి ఫ్రేము కట్టి, చెత్తబుట్టలో పడ్డవాటిని లెక్కపెట్టకపోతే లాటరీ అంత మంచి పెట్టుబడి ఇంకోటి ఉండదు. చారా అయింది చారా ఒక్కడే. పొడుగున్న ప్రతివాడూ చారా అవడు.

ఇప్పుడు ఆ ఉమ్మడి తప్పు సంగతి. రెండు వర్గాలూ 'పొటెన్షియల్' అనేది కుర్రాడి లోపల ఎక్కడో రాసిపెట్టి ఉన్న అంకె అనుకుంటాయి. ఒకరు 40 అంటారు, ఒకరు 95 అంటారు. ఎంసెట్ ర్యాంకు చూసి జీవితం మొత్తానికి లెక్కలు కట్టే మనకి ఈ జబ్బు కొత్తేం కాదు. పువ్వు పుట్టగానే పరిమళిస్తుందనే సామెత కూడా ఉంది కదా మనకి. కానీ ఆ అంకె సగం మటుకే కుర్రాడిది. మిగతా సగం వాణ్ణి ఏ చెట్టు కింద, ఏ గడ్డిలో మాగేశారన్నదాని మీద ఉంటుంది.

నెయిల్ యాకుపోవ్‌ని చూడండి. 2012లో ఎడ్మంటన్ మొదటి ఎంపిక. మొదటి ఏడాది 48 ఆటల్లో 17 గోల్స్, ఏ రకంగా చూసినా ఘనమైన ఆరంభం. అక్కడున్న నాలుగు సీజన్లలో క్రూగర్, ఈకిన్స్, నెల్సన్, మెక్లెలన్ అని కోచ్‌లు మారుతూనే ఉన్నారు. కొత్తగా వచ్చిన ప్రతివాడూ కొత్త పాఠం చెప్పాడు. 2016లో అమ్మేశారు, ఆ తర్వాత రెండేళ్ళకే ఎన్‌హెచ్‌ఎల్‌లో అతని కథ ముగిసింది. తప్పంతా జట్టుదే అనను, అతని ఆటలోనూ లోపాలున్నాయి. కానీ జనం మాత్రం తప్పంతా కుర్రాడిదేనని రాసుకున్నారు. నాలుగుసార్లు ఆర్కిటెక్టు మారిన ప్రాజెక్టు చతికిలపడితే కోడు రాసిన ఫ్రెషర్‌ని తిట్టడం లాంటిదన్నమాట :-)

అటు స్లాఫ్‌కోవ్‌స్కీకి ఏం జరిగింది? రెండో సీజన్లో అతన్ని జట్టులోని మేటి ఇద్దరు, సుజుకీ, కాఫీల్డ్‌లతో కలిపి మొదటి లైన్లో ఆడించారు. తప్పులు చేసినా మళ్ళీ మళ్ళీ మంచు మీదికి పంపారు. పంపిన కోచ్ ఎవరో తెలుసా? మార్టిన్ సెయింట్ లూయీ. పొట్టివాడని ఏ జట్టూ డ్రాఫ్టు చేయని మనిషి. తర్వాత 2004లో లీగులోకెల్లా విలువైన ఆటగాడిగా హార్ట్ ట్రోఫీ, అదే ఏడు స్టాన్లీ కప్పు, 2018లో హాల్ ఆఫ్ ఫేమ్. 18 ఏళ్ళప్పుడు ఇచ్చే తీర్పుల విలువెంతో అంతకంటే బాగా ఎవరికి తెలుస్తుంది?

"టిక్కెట్టు కొన్నాం, అడిగే హక్కు లేదా?" అంటారు. భేషుగ్గా ఉంది. "లెక్కలు అబద్ధమా? మొదట్లో ఎంపికైనవాళ్ళే సగటున బాగా ఆడతారుగా?" అంటారు. అదీ నిజమే. స్కౌట్లు గుడ్డివాళ్ళేం కాదు. కానీ సగటు చెప్పేది వందమంది గురించి, మీరు తిడుతున్నది ఒక్కణ్ణి. 2012లో యాకుపోవ్ మొదటివాడైతే, అదే డ్రాఫ్టులో 130వ ఎంపికైన గోలీ కానర్ హెల్లెబక్ 2025లో హార్ట్ ట్రోఫీ ఎత్తాడు. హక్కుంది కాబట్టి జట్టుని అడగండి: ఈ ఏడు కుర్రాణ్ణి ఎన్ని నిముషాలు ఆడిస్తారు? ఎవరి పక్కన? స్కేటింగు ఎవరు నేర్పుతున్నారు? తొందరపడి పై లీగులో పడేశారా, కింద లీగులో ఇంకో ఏడాది మాగనిస్తారా? కార్బైడు వేసి మగ్గబెట్టిన మామిడికాయ పైకి పసుప్పచ్చగా ఉంటుంది, కోస్తే లోపల పచ్చే. ఆ నేరం కాయదా, వ్యాపారిదా?

ఈ ఊరికి ఈ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు కూడా. 1980లో మాంట్రియల్ మొదటి ఎంపికగా డగ్ వికెన్‌హైజర్‌ని తీసుకుంది. ఇదే ఊళ్ళో పెరిగిన డెనిస్ సవార్డ్‌ని మూడో ఎంపికగా చికాగో పట్టుకుపోయింది. సవార్డ్ అక్కడ వెలిగిపోయాడు. ఆ వెలుగుకి శిక్ష ఇక్కడ వికెన్‌హైజర్‌కి పడింది. సవార్డ్‌ని తీసుకోకపోవడం అతని నేరమన్నట్టు, ఏం చేసినా అతనితోనే పోలిక. 1983లో పంపించేశారు. ఆ తర్వాత కూడా ఎన్‌హెచ్‌ఎల్‌లో ఏళ్ళ తరబడి ఆడాడు. 1999లో 37 ఏళ్ళకే క్యాన్సర్‌తో పోయాడు. ఈనాటికీ అతని పేరెత్తితే చాలామంది చెప్పేది అతని ఆట గురించి కాదు, "సవార్డ్‌ని వదిలేసి తీసుకున్నవాడు" అనే. తనని తను ఎంపిక చేసుకోని కుర్రాడికి జీవితాంతం తగిలించిన బిళ్ళ అది.

షేన్ రైట్‌కీ అదే జరగబోయింది. మొదటి ఏడు సియాటిల్ 8 ఆటలాడించి కిందికి పంపితే "మాంట్రియల్ బతికిపోయింది" అని నవ్వారు. 2024-25లో అతను 79 ఆటల్లో 44 పాయింట్లు చేశాడు. స్లాఫ్‌కోవ్‌స్కీ 51. ఇద్దరికీ అప్పటికి 21 ఏళ్ళే. ఒకడు బాగుపడాలంటే ఇంకొకడు చెడిపోవాలని ఎవరు రాశారండీ?

వచ్చే డ్రాఫ్టులో మళ్ళీ ఓ పచ్చికాయ వస్తుంది. మళ్ళీ చారా పేరు తీస్తారు, మళ్ళీ "వేస్టు" అంటారు. పందెం కాయాలని అంత ఉబలాటంగా ఉంటే ఐదేళ్ళ తర్వాతి తేదీ వేసి కాయండి. అప్పటిదాకా ఆ తిట్లూ, ఆ దండలూ రెండూ జట్టు యాజమాన్యానికి దాచిపెట్టండి. వాళ్ళకి జీతాలిచ్చేది అందుకే.