సర్వే నంబరు తెలియని రైతు

మెదక్‌లో మీసేవా కేంద్రానికి వచ్చే రైతుకు తన చెలక ఏ కుంట కింద ఉందో, తాత ఎవరి దగ్గర కొన్నాడో తెలుసు. తెలంగాణ భూ రికార్డుల పోర్టల్ భూభారతి అడిగేది జిల్లా, మండలం, గ్రామం, సర్వే నంబరు; కాదంటే పాసుపుస్తకం నంబరు. అవి గుర్తులేకపోతే సొంత భూమి వివరం కోసమే మరొకరిని బతిమాలుకోవాలి.

భూభారతికి ముందు, 2020 అక్టోబరు 29న మొదలైన ధరణి పోర్టల్‌లో దరఖాస్తులకు 33 మాడ్యూళ్లుండేవి. తన గోడు దేని కిందికొస్తుందో రైతే తేల్చుకోవాల్సి వచ్చేది. తప్పు మాడ్యూల్‌లో పెట్టిన దరఖాస్తు తిరస్కరణకు గురయ్యేది. 2025 ఏప్రిల్ 14న వచ్చిన భూభారతి వాటిని ఆరుకు తగ్గించింది. మంచి పనే, కానీ సగమే: భూమి వివరం వెతకాలంటే ఇంకా నంబరు తెలియాల్సిందే.

డేటాబేస్ లోపలి అమరిక తెలియనివారూ జవాబు రాబట్టుకోవాలన్న ఆలోచన పాతదే. 1970ల్లోనే కంప్యూటర్ సంస్థ ఐబీఎంలో పరిశోధకుడు మోషే జ్లూఫ్ తెరమీద ఖాళీ పట్టిక చూపించాడు: తెలిసిన గడి నింపి, కావాల్సిన గడికి గుర్తు పెడితే చాలు. పట్టాదారు పేరు, తండ్రి పేరు, ఊరు ఇస్తే భూభారతీ అలాగే వెతికిపెట్టాలి. ఒక కాగితంలో లక్ష్మయ్య, మరోదాంట్లో లచ్చయ్య అని ఉంటుంది గనుక దగ్గరి పేర్లనూ చూపాలి. ఒకరి ఆస్తి అందరికీ తెలుస్తుందన్న భయం న్యాయమైనదే. పట్టాదారు ఫోనుకు వచ్చే ఓటీపీతో దానికి అడ్డుకట్ట వేయవచ్చు. ఈ మార్పు కోరుతూ మెదక్ కలెక్టరేట్ రెవెన్యూ శాఖకు రాయాలి.