అడవిలో నిప్పు ఎవరిది? నింద ఎవరికి?

శివరాత్రికి చలి పోతదన్నది పాత లెక్క. ఇప్పుడు ఓరుగల్లులో మాఘమాసంలోనే ఫ్యాన్లు తిరుగుతున్నయి. 1901 నుంచి చూస్తే అంత వేడి ఫిబ్రవరి లేదని 2025 గురించి వాతావరణ శాఖే చెప్పింది. పగటి ఎండలో ఆ రికార్డు 2023 ఫిబ్రవరిది.

మైదానంలో 40 డిగ్రీలు తాకితే గానీ వడగాలి లెక్క మొదలు కాదు. ఎండుటాకు 40 డిగ్రీల దాకా ఆగుతదా? పాకాల, తాడ్వాయి, ఏటూరునాగారం అడవుల్లో టేకు ఆకు రాల్చే కాలం ఇదే. మంచు పడితే ఆకు మెత్తగుంటది. మంచు ఆగి వేడిగాలి కొడితే అప్పడం లెక్క ఎండుతది. పారేసిన బీడీ ముక్క చాలు. 2024 ఆగస్టు 31 సుడిగాలికి తాడ్వాయి అడవిలో వేలాది చెట్లు కూలినయి. ఎండిన ప్రతి కొమ్మా మంటకు మేతే.

మంట లేస్తే సార్ల నోట ఒకటే మాట: ఇప్పపువ్వు ఏరేటోళ్లు అంటించిన్రు! చెట్టు కింద ఆకు కాల్చే అలవాటు ఉన్నది, నిజమే. తునికి చిగురు కోసం నిప్పు పెట్టేటోళ్లూ ఉన్నరు. మేం దాన్ని వెనకేసుకురావడం లేదు. కానీ ఆ ఆకు ఎవరి గోదాముకు చేరుతది? కట్టల లెక్కన కూలి తీసుకునే కోయ ఆడబిడ్డ మీదనే 1967 అటవీ చట్టం కన్ను పడాలా? కాంట్రాక్టరు మీద పడొద్దా?

ఉపగ్రహం మంటను చూసి ఫోన్‌కు కబురు పంపుతది, మంచిదే. కబురు మంటను ఆర్పదు. ఆర్పేది మనిషి, ఆపేది ఫైర్ లైన్. ఎండ ముందుకు జరిగినప్పుడు ఫైలు కూడా ముందుకు జరగాలె.

మేం అడుగుతున్నది గొంతెమ్మ కోరికలు కాదు. జనవరి దాటకముందే ఫైర్ లైన్లు ఊడ్వాలె. ఫైర్ వాచర్ కొలువులు ఆ గూడెం పిల్లలకే ఇచ్చి, కూలి నెలనెలా చేతిలో పెట్టాలె. ఇప్పచెట్ల కింద పరిచేటందుకు వలలు ఇయ్యాలె. పువ్వు వల మీద రాలితే ఆకు కాల్చే పనే ఉండదు. తునికాకు యూనిట్‌లో నిప్పు పడితే కాంట్రాక్టరును జవాబు అడగాలె. అడవిని కాపాడే హక్కు 2006 చట్టం గ్రామసభకు ఇచ్చింది. ఆ గ్రామసభను కూర్చోబెట్టి మాట్లాడాలె.

మంట లేస్తే పచ్చికొమ్మ విరుచుకొని ముందు ఉరికేది గూడెం మనిషే. ఆయన్ను దొంగను చేసి అడవిని ఎవరితో కాపాడిస్తరు?